పాత ఎఫ్-హోల్ గిటార్‌ని మాండోసెల్లోగా మార్చొచ్చా?

ఉదయసముద్రం (నల్గొండ)

అందరికీ నమస్తే. మా మేనమామ కాలేజీ రోజుల్లో వాయించిన గిటార్ ఒకటి మా అటక మీద ఇరవై ఏళ్ళుగా పడి ఉంది. మొన్న ఇల్లు సున్నం వేయిస్తుంటే కిందికి దిగింది. మామూలు గుండ్రటి రంధ్రం ఉన్న గిటార్ కాదు. పైపలక వయొలిన్‌లాగా ఉబ్బెత్తుగా ఉంది, రెండు పక్కలా ఎఫ్ ఆకారంలో రంధ్రాలు. బ్రిడ్జి అతికించి లేదు, దాని మీద ఆనే తీగల బరువుతోనే నిలబడుతుంది. కింద తీగల చివర్లు పట్టుకునే ఇత్తడి రంగు టెయిల్‌పీస్. లోపల లేబుల్ ఊడిపోయింది. కలకత్తా సరుకు అని మామ అంటాడు.

నేను పదిహేనేళ్ళుగా మా వాడకట్టు భజన మండలిలో మాండలిన్ వాయిస్తున్నాను. హార్మోనియం, తబలా, తాళాలు అన్నీ ఉన్నాయి కానీ కింది స్థాయిలో గంభీరంగా మోగే తీగ వాద్యం లేదు. గిటార్ నేర్చుకునే ఓపిక ఈ వయసులో లేదు. చేతివేళ్ళకి మాండలిన్ లెక్కే అలవాటు. ఈ గిటార్‌కే ఎనిమిది తీగలు కట్టి, మాండోసెల్లో అంటారే, ఆ పెద్ద మాండలిన్‌లా చేసుకోవచ్చా? ఎవరైనా చేశారా?

కొలతలు: నట్ (మెడ పై చివర తీగలు ఆనే పట్టీ) నుంచి పన్నెండో ఫ్రెట్‌కి (మెడ మీది అడ్డ లోహపు పట్టీ) 12.5 అంగుళాలు. నట్ దగ్గర మెడ వెడల్పు 43 మిల్లీమీటర్లు.

సూర్యాపేట సౌండ్

అన్నా, కొత్తది కొనుక్కో. పాతదాన్ని కోసి పాడు చేయకు.

పాలమూరు తీగ (మహబూబ్‌నగర్)

కొత్తది ఎక్కడ దొరుకుతుంది తమ్మీ? హైదరాబాద్‌లో పెద్ద షాపుకి పోయి మాండోసెల్లో కావాలని అడుగు, ముందు సెల్లో (పెద్ద వయొలిన్) చూపిస్తాడు, తర్వాత నిన్ను చూస్తాడు.

ఉదయసముద్రం గారూ, మీ ఆలోచన పిచ్చిదేమీ కాదు. మాండలిన్‌కి వయొలిన్ శృతే: జి, డి, ఎ, ఇ. వయొలా శృతికి మాండోలా, సెల్లో శృతికి మాండోసెల్లో. మాండోసెల్లో శృతి కింది నుంచి సి, జి, డి, ఎ. మీ మాండలిన్‌కి, దానికి మధ్యలో ఇంకొకటి ఉంది, ఆక్టేవ్ మాండలిన్. అది మీ మాండలినే, సరిగ్గా ఒక స్థాయి కింద.

పన్నెండో ఫ్రెట్ తీగకి నడుమ ఉంటుంది. అది 12.5 దగ్గర ఉందంటే మీ గిటార్ మొత్తం తీగ పొడవు 25 అంగుళాలు. గిబ్సన్ కంపెనీ పాత మాండోసెల్లోల పొడవు ఇంచుమించు ఇంతే, 24.75. మాండలిన్ 13.875 అంగుళాలే. అందుకే ఇలాంటి ఉబ్బెత్తు పలక (ఆర్చ్‌టాప్) గిటార్‌ని మాండలిన్ చేయడం జరగని పని, మాండోసెల్లో చేయడం మాత్రం సహజం. నిజానికి ఈ రెండూ ఒక ఇంట్లో పుట్టినవే. ఉబ్బెత్తు పలకతో మాండలిన్ చేసే పద్ధతికి ఆర్విల్ గిబ్సన్ 1898లో పేటెంట్ తీసుకున్నాడు. 1902లో అతని పేరుతో కంపెనీ మొదలైంది. ఆ మాండలిన్ల కంపెనీలోనే 1922లో అక్కడ పనిచేసే లాయిడ్ లోర్ చేతిమీదుగా ఎఫ్-5 మాండలిన్, ఎల్-5 గిటార్ రెండూ వచ్చాయి. వయొలిన్ లాంటి ఎఫ్ రంధ్రాలు, మీరు చెప్పిన బ్రిడ్జి, టెయిల్‌పీస్, అన్నీ ఆ కుటుంబం పోలికలే. మీ మామ గిటార్‌ని మీరు మార్చడం లేదు, తల్లిగారింటికి తోలుతున్నారు.

ఉదయసముద్రం (నల్గొండ)

ఆహా, ఆ మాట మామకి చెప్తాను. అయితే ఎనిమిది తీగలు ఎక్కిస్తే మెడ ఆగుతుందా? అదే నా టెన్షన్.

లెక్కల సార్ (దేవరకొండ)

మీ టెన్షన్ కన్నా ముందు తీగల టెన్షన్ చూద్దాం.

మామూలు అకూస్టిక్ గిటార్‌కి 12 నుంచి 53 గేజ్ (తీగ లావు, అంగుళంలో వెయ్యో వంతుల్లో) సెట్ వేస్తే ఆరు తీగలు కలిసి మెడని సుమారు 73 కిలోల బలంతో లాగుతాయి. మాండోసెల్లోకి కంపెనీ సెట్ గేజ్‌లు ఇవి: ఎ తీగ 0.022, డి 0.034, జి 0.048, సి 0.074 అంగుళాలు. ఒక్కొక్కటి జంట. 25 అంగుళాల పొడవుకి లెక్క వేస్తే ఎనిమిదీ కలిసి 114 కిలోల దాకా వస్తుంది. అంటే ఒకటిన్నర రెట్లు. అటక మీద పడుకున్న గిటార్ మీద ఒక్కసారిగా బియ్యం మూట ఎక్కించినట్టు.

రెండో సంగతి పైపలక. తీగ బ్రిడ్జి మీదుగా వంగి టెయిల్‌పీస్‌కి దిగుతుంది కదా, ఆ వంపు 12 డిగ్రీలు అనుకోండి. అప్పుడు లాగే బలంలో ఐదో వంతు పలకని కిందికి నొక్కుతుంది. గిటార్ తీగలకి 15 కిలోలు. మాండోసెల్లో సెట్‌కి 24 కిలోలు. బ్రిడ్జి రెండు కాళ్ళ కింద, పగలూ రాత్రీ.

దారి లేకపోలేదు. సన్నటి తీగలు వేయండి. ఎ 0.020, డి 0.030, జి 0.044, సి 0.064. ఎనిమిదికీ కలిపి 91 కిలోలు. సి తీగ కొంచెం వదులుగా ఉంటుంది, కానీ మోగుతుంది.

నేను గిటార్ వాయించను. ఫిజిక్స్ చెప్తాను. కాబట్టి చెక్క సంగతి చెక్క తెలిసినవాళ్ళని అడగండి.

సూర్యాపేట సౌండ్

పన్నెండు తీగల గిటార్ కొంటే అయిపోతుంది కదా సార్? దానికి ఆల్రెడీ అంత బరువుకి తయారైన మెడ ఉంటుంది. నాలుగు తీగలు తీసేయడమే.

లెక్కల సార్ (దేవరకొండ)

మంచి పాయింట్. పన్నెండు తీగల లైట్ సెట్ కూడా 110 కిలోల పైనే లాగుతుంది. మెడ, తీగలు బిగించే కీలు రెండూ సిద్ధంగా ఉంటాయి. కానీ ఆయన దగ్గర ఉన్నది మామ గిటార్.

మిర్యాలగూడ రంపం

నేను తలుపులు, దర్వాజలు చేసేవాడిని. గత పదేళ్ళుగా వీణలు, గిటార్లు, హార్మోనియం పెట్టెలు కూడా బాగు చేస్తున్నా. ఇక్కడ అందరూ తీగల గురించి మాట్లాడుతున్నారు, జర చెక్కని కూడా చూడండి.

మొదటిది, ఎఫ్ రంధ్రం అంచు చూడు అన్నా. పైపలక మందంలో మూడు పొరలు కనబడితే అది ప్లైవుడ్, అచ్చులో ఒత్తింది. ఒక్కటే చెక్కయి గీతలు పై నుంచి కింది దాకా పోతే అది చెక్కి తీసింది. చెక్కింది అయితే ఆశపడకు, భయపడు. ప్లైవుడ్ అయితే సౌండ్ కొంత తక్కువ కానీ మన ఎండలకి పగలదు.

రెండోది, లోపల రెండు పొడుగు అడ్డకర్రలు అతికించి ఉంటాయి. పళ్ళ డాక్టర్ వాడే చిన్న అద్దం, సెల్‌ఫోన్ లైట్ పెట్టి ఎఫ్ రంధ్రంలో నుంచి చూడు. పలక మీద వేలు మడిచి కొట్టుకుంటూ పో. ఎక్కడన్నా టపటపమని వదులు చప్పుడు వస్తే అక్కడ కర్ర ఊడింది. అది అతికించకుండా ఒక్క తీగ కూడా కట్టకు.

మూడోది, మెడ అతుకు. మెడ మడమ దగ్గర, పొట్ట కలిసే చోట వెంట్రుకంత గీత ఉందా చూడు. అక్కడ సన్న కాగితం దూరితే ఆ అతుకు కదిలింది.

నాలుగు, ట్రస్ రాడ్ (మెడ వంగకుండా లోపల పెట్టే ఇనుప కడ్డీ) ఉందా? తల మీద చిన్న ప్లాస్టిక్ మూత ఉంటే దాని కింద నట్టు ఉంటుంది.

ఇంకో మాట. తెల్ల జిగురు నమ్మకు. నిలబడి లాగే అతుకులు మే నెలలో 44, 45 డిగ్రీలకి మెల్లమెల్లగా జారతాయి. రేకుల ఇల్లయితే చెప్పనే అక్కర్లేదు. మా నాయన కాలం నాటి సరేసు (పశువుల తోలు, ఎముకల జిగురు) కాచి పూస్తే గట్టిగా ఎండి రాయిలా ఉంటుంది. అతుకు ఎప్పుడన్నా విప్పాలంటే వేడినీళ్ళతో విడిపోతుంది కూడా.

ఉదయసముద్రం (నల్గొండ)

అన్నా, రెండు రోజులు పట్టింది. రిపోర్ట్ ఇదీ.

పైపలక మూడు పొరలే. కొంచెం నిరాశగా ఉంది. అడ్డకర్రల్లో ఒకటి, సన్న తీగల వైపుది, బ్రిడ్జి కింద జానెడు మేర ఊడింది. మెడ అతుకు బాగుంది. ట్రస్ రాడ్ ఉంది, నట్టు తుప్పు పట్టింది, కిరోసిన్ చుక్కలు వేసి రాత్రంతా వదిలేస్తే తిరిగింది. అద్దం మా మరదలు క్లినిక్ నుంచి తెచ్చింది. లోపల ఒక బొద్దింక గూడు, 1 రూపాయి నాణెం దొరికాయి.

మిర్యాలగూడ రంపం

నిరాశ ఎందుకు, నీ పని తేలికైంది. చెక్కిన పలక అయితే నేనే వద్దనేవాడిని.

ఊడిన కర్రకీ పైపలకకీ మధ్య సన్న బ్రష్‌తో సరేసు పూయి. లోపలి నుంచి ఒత్తి పట్టడానికి ఒక ఉపాయం. ఎఫ్ రంధ్రంలో నుంచి పట్టే చిన్న స్క్రూ జాకీ చేసుకో: పొడుగు బోల్టు, రెండు నట్లు, రెండు చివర్లా చెక్క బిళ్ళలు. వెనక పలక మీద ఒక బిళ్ళ, కర్ర కింద ఒక బిళ్ళ, మధ్యలో నట్టు తిప్పుతూ పోతే కర్ర పైకి అంటుకుంటుంది. ఎక్కువ తిప్పితే వెనక పలక లేస్తది, చేత్తో చూసుకుంటూ తిప్పు. ఒక రోజు కదపకు.

గద్వాల అంచు

నేను కర్ణాటక వయొలిన్ నేర్పుతాను. మీరంతా సి, జి, డి, ఎ అనే మాట్లాడుతున్నారు. ఆయన భజన మండలిలో వాయించేవారు కదా. పాశ్చాత్య శృతి ఎందుకు అసలు?

మా వయొలిన్‌ని మేము స, ప, స, ప కి కలుపుతాం. ఒకటో కట్టె శృతికి మీ పెద్ద వాద్యాన్ని అలాగే కలపండి: సి, జి, సి, జి. అంటే డి తీగని సి కి, ఎ తీగని జి కి, రెండు మెట్లు (రెండు ఫ్రెట్ల మేర) దింపడమే. అన్ని తీగలూ పాటకి ఆధారం పలుకుతాయి. లెక్కల సార్, బరువు కూడా తగ్గాలి కదా?

లెక్కల సార్ (దేవరకొండ)

తగ్గుతుంది అక్కా. రెండు మెట్లు దింపితే ఆ తీగల టెన్షన్ ఐదో వంతు పడిపోతుంది. నేను చెప్పిన సన్న సెట్‌తో 91 కాస్తా 81 కిలోలు అవుతుంది. మామూలు గిటార్ 73. చాలా దగ్గరికి వచ్చేశాం.

పాలమూరు తీగ (మహబూబ్‌నగర్)

ఆగండి ఆగండి. స ప స ప కి కలిపితే ఆయన మాండలిన్ వేళ్ళ లెక్క చెడుతుంది. మధ్య రెండు తీగల మధ్య ఐదు మెట్లే వస్తాయి, ఏడు కాదు. ఆయన గిటార్ వద్దన్నదే కొత్త లెక్క నేర్చుకోలేకనే.

గద్వాల అంచు

అది నిజమే. కానీ పదిహేనేళ్ళ చెయ్యి వారం రోజుల్లో సర్దుకుంటుంది. ఏడో తరగతి పిల్లలు సర్దుకుంటున్నారు మా దగ్గర.

ఉదయసముద్రం (నల్గొండ)

పిల్లలతో పోల్చకండి అక్కా, వాళ్ళకి ఎముకలు ఉండవు.

పాలమూరు తీగ (మహబూబ్‌నగర్)

ఎముకల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి చెప్పాలి, ఎవరూ ముందే చెప్పరు. మాండలిన్‌లో మొదటి ఫ్రెట్ వెడల్పు దాదాపు 20 మిల్లీమీటర్లు. 25 అంగుళాల మెడ మీద 36. మాండలిన్ మీద మీరు చిటికెన వేలు ఏడో ఫ్రెట్ మీద పెడతారు కదా, నట్ నుంచి అది 12 సెంటీమీటర్ల లోపే. ఇక్కడ 21 సెంటీమీటర్లు. ఏ మనిషి చెయ్యీ సాగదు. మాండలిన్‌లో ఒక వేలికి రెండు ఫ్రెట్లు, ఇక్కడ ఒక వేలికి ఒక ఫ్రెట్. పాటలు తెలుసు, వేళ్ళు మాత్రం కొత్తగా నేర్వాలి.

అయితే ఒక చిట్కా ఉంది. ఏడో ఫ్రెట్ మీద కేపో (అన్ని తీగల్నీ ఒకేసారి నొక్కి పట్టే క్లిప్పు) బిగించండి. సి, జి, డి, ఎ కాస్తా జి, డి, ఎ, ఇ అవుతుంది, అంటే మీ మాండలిన్ శృతి, ఒక స్థాయి కింద. పొడవు కూడా 16.7 అంగుళాలకి తగ్గుతుంది, వేళ్ళు హాయిగా నడుస్తాయి. పైన మాండోసెల్లో, కేపో పెడితే ఆక్టేవ్ మాండలిన్. ఒక్క ఖర్చుకి రెండు.

సూర్యాపేట సౌండ్

తల మీద ఆరు కీలే ఉన్నాయి. ఎనిమిది కావాలంటే బర్మా (డ్రిల్లు) పట్టాల్సిందే. పాత గిటార్, ప్లైవుడ్, లేబుల్ కూడా లేదు. అమ్మితే ఎవడూ కొనడు. ధైర్యంగా తొలిచేయండి. పన్నెండు తీగల కీల పట్టీలు తెచ్చి అందులో ఎనిమిది వాడుకోండి.

మిర్యాలగూడ రంపం

తొలవొద్దు. అమ్మకానికి విలువ లేదు, మామకి ఉంటుంది. తల చెక్కలో ఇప్పటికే ఆరు బెజ్జాలున్నాయి. వాటి మధ్యలో ఇంకో రెండు తొలిస్తే గోడ సన్నబడి తల చీలుతుంది. బెజ్జాలు పూడ్చి మళ్ళీ తొలవడమంటే తల ముందూ వెనకా కొత్త పలక అతికించాలి, రెండు చెవులు పెంచాలి. నేను చేస్తా, కానీ మొదటి రోజే చేయను.

సూర్యాపేట సౌండ్

అన్నీ వద్దంటే ఇంక థ్రెడ్ ఎందుకు?

లెక్కల సార్ (దేవరకొండ)

కొట్టుకోకండి. ఆరు కీలు ఉన్నాయి కదా, ఆరే వాడదాం.

కింది సి, జి తీగలు ఒంటివి. పై డి, ఎ తీగలు జంటలు. ఒకటి, ఒకటి, రెండు, రెండు. మొత్తం ఆరు. ఏ బెజ్జం తొలవక్కర్లేదు. సన్న సెట్ గేజ్‌లతో లెక్క వేస్తే మొత్తం 70 కిలోలు. మామూలు గిటార్ తీగల కన్నా మూడు కిలోలు తక్కువే!

మాండలిన్ గణగణ అంతా పై జంటల్లోనే ఉంటుంది. కింద గంభీరానికి ఒంటి తీగ చాలు. నచ్చితే వచ్చే ఏడాది ఎనిమిది చేసుకోండి. నచ్చకపోతే గిటార్ తీగలు మళ్ళీ ఎక్కించండి. బ్రిడ్జి, టెయిల్‌పీస్ రెండూ అతికించనివి కాబట్టే ఈ సౌకర్యం. అతికించిన బ్రిడ్జి ఉన్న గిటార్ అయితే ఇంత సులువు కాదు.

మిర్యాలగూడ రంపం

సార్‌కి నా దుకాణంలో ఒక కుర్చీ ఎప్పుడూ ఖాళీ.

కొత్త నట్ ఒకటి చేసుకో, పాతది దాచు. పాత నట్ గాడిలో ఇంత లావు సి తీగ కూర్చోదు. బ్రిడ్జి పై భాగం కూడా కొత్తది చేయి, పాతది పారేయకు. కర్రకి అడవి మీద పడనక్కర్లేదు. పాత మంచం కోళ్ళు, విరిగిన కుర్చీ చేతులు చూడు, జిట్రేగి దొరుకుతుంది. మా దగ్గర తునికి చేవ ముక్క ఒకటుంది. బీడీ ఆకు చెట్టే, ముసలి చెట్టు నడుమ నల్లటి చేవ ఉంటుంది, ఇనుము లెక్క. వస్తే ఇస్తా.

నల్లమల (అచ్చంపేట)

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మీరందరూ ఫ్రెట్లు ఫ్రెట్లు అంటున్నారు. మా వైపు కిన్నెరకి మెట్లు అంటాం. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్య గారిది మా జిల్లానే, లింగాల మండలం. 2022లో పద్మశ్రీ వచ్చింది. వెదురు బొంగు, సొరబుర్రలు. ఎవరి దగ్గర ఉన్నదాంతో వాళ్ళు వాద్యం చేసుకున్నారు ఇక్కడ. కాబట్టి గిటార్‌ని మార్చడం అపచారమేమీ కాదు.

పాలమూరు తీగ (మహబూబ్‌నగర్)

బాగా చెప్పారు. మన పాలకొల్లు మాండలిన్ శ్రీనివాస్ చేసిందీ అదే కదా. జంట తీగల మాండలిన్ మీద గమకం పలకడం కష్టమని ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టాడు. 1998లో పద్మశ్రీ. 2014లో పోయాడు, 45 ఏళ్ళకే. ఆ రోజు నేను మాండలిన్ బయటికి తీయలేదు.

గద్వాల అంచు

అవును. జంట తీగని లాగితే రెండూ సమానంగా సాగవు, గమకం చీలిపోతుంది. అందుకే ఒంటి సి, జి తీగలు మీకు లాభమే. గమకాలు అక్కడ వాయించండి, పై జంటల మీద మీటు.

ఉదయసముద్రం (నల్గొండ)

సరే, ఆరు తీగలతోనే మొదలు పెడుతున్నా. పది రోజుల తర్వాత వస్తా.

---

ఉదయసముద్రం (నల్గొండ)

పది రోజులన్నాను, నెల పట్టింది.

కర్ర అతికింది. సరేసు వాసనకి ఇంట్లో వాళ్ళు గిటార్‌ని, నన్ను కలిపి వరండాలో పెట్టారు. మిర్యాలగూడ వెళ్ళి రంపం అన్న దగ్గర తునికి ముక్క తెచ్చుకున్నా, టీ కూడా తాగా. నట్ ఎముకది, ఆయనే ఆకురాయి పట్టి చూపించారు.

తీగలు సెట్‌గా దొరకవు. విడివిడిగా తెప్పించా. 0.064 తీగ ఏడు తీగల ఎలక్ట్రిక్ గిటార్ల కోసం అమ్మేది. మా గిటార్ కీ కడ్డీ బెజ్జంలో అది దూరలేదు. 1.8 మిల్లీమీటర్ల బిట్‌తో బెజ్జం పెద్దది చేశా.

ఇప్పుడు తప్పు చెప్పాలి. మొదటి సి తీగని ముందే పొట్టిగా కత్తిరించి కట్టా. పైన చుట్టిన తీగ లోపలి ఉక్కు మీద జారి, మోగకుండా దుప్పటి కప్పుకున్నట్టు మొద్దుబారింది. దాని డబ్బులు పోయాయి.

రెండో తప్పు పెద్దది. అన్నీ కట్టి, శృతి చేసి, సంతోషంగా పడుకున్నా. రాత్రి రెండింటికి గదిలో తుపాకి పేలినట్టు చప్పుడు. లేచి చూస్తే టెయిల్‌పీస్ గిటార్ మీద బోర్లా పడి ఉంది, బ్రిడ్జి మంచం కింద. మా ఆవిడ దొంగలనుకుంది.

లెక్కల సార్ (దేవరకొండ)

70 కిలోలకి ఊడిందా? గిటార్ తీగలప్పుడు ఊడలేదు కదా?

ఉదయసముద్రం (నల్గొండ)

ఊడింది సార్. మూడు చిన్న స్క్రూలు. రెండు పక్కపలకలోకే దిగాయి, ఒక్కటే లోపల దిమ్మకి పట్టింది. అవీ ఏనాడో తుప్పు తిన్నాయి. ఇరవై ఏళ్ళు తీగ లేకుండా పడుకుంది కాబట్టి తెలియలేదు.

మిర్యాలగూడ రంపం

ఇది నా తప్పు. మెడ చూడమన్నా, పలక చూడమన్నా, తోక చూడమనలేదు. బరువంతా చివరికి ఆగేది ఆ దిమ్మ మీదే.

పాత బెజ్జాల్లో జిట్రేగి డోవెల్ (గుండ్రటి కర్రముక్క) కొట్టి సరేసుతో మూసేయి. ఆరిన తర్వాత సన్న బెజ్జం ముందుగా వేసి, పొడుగు స్క్రూ దిమ్మలోకి దించు. పక్కపలక ఒక్కటే పట్టుకుంటే మళ్ళీ ఇదే కథ. స్క్రూకి కొవ్వొత్తి మైనం రాయి, చెక్క చీలకుండా పోతుంది.

సూర్యాపేట సౌండ్

ఎనిమిది తీగలు కట్టి ఉంటే గోడకి తగిలేది. నేను తొలవమన్న మాట వెనక్కి తీసుకుంటున్నా.

ఉదయసముద్రం (నల్గొండ)

తీసుకున్నందుకు థాంక్స్ తమ్మీ.

స్క్రూలు మార్చాం. ఈసారి ఒకేసారి బిగించలేదు. మొదటి రోజు అన్ని తీగలూ రెండు మెట్లు కిందికి, రెండో రోజు ఒక మెట్టు, మూడో రోజు పూర్తి శృతి. పలక రెండు అంచుల మీద అడ్డంగా స్టీలు స్కేలు పెట్టి, బ్రిడ్జి దగ్గర స్కేలుకీ పలకకీ మధ్య ఎంత తేడా ఉందో రోజూ రాసుకున్నా. మొదటి వారంలో అర మిల్లీమీటర్ దిగింది, తర్వాత మూడు వారాలుగా కదల్లేదు.

బ్రిడ్జి జరపడానికి ఒక పూట పట్టింది. తీగని ఊరికే మీటితే వచ్చే స్వరం, పన్నెండో ఫ్రెట్ నొక్కితే వచ్చే స్వరం సరిగ్గా ఒక స్థాయి తేడాతో ఉండాలి. లావు తీగ వైపు బ్రిడ్జి కొంచెం వెనక్కి వచ్చింది. సి తీగ ముందు ఫ్రెట్లకి తగిలి గరగరలాడింది. బ్రిడ్జికి ఉన్న ఎత్తు సర్దే చక్రం తిప్పి, దాన్ని కొంచెం లేపి, ట్రస్ రాడ్ పావు చుట్టు వదిలితే పోయింది.

సౌండ్ గురించి. సి తీగ స్పీకర్‌లా అదరదు, అంత ఆశ పడకండి. 65 హెర్ట్జ్ స్వరాన్ని ఇంత చిన్న పెట్టె మోయలేదు. కానీ గొంతు ఉంది. మొన్న శనివారం హనుమాన్ గుడిలో వాయిస్తే తబలా ఆయన ఆగి, అదేంది అని అడిగాడు. డి, ఎ జంటల్లో మాండలిన్ మెరుపు అలాగే ఉంది, కొంచెం వయసు మళ్ళిన మాండలిన్‌లా.

గద్వాల అంచు

చివరికి ఏ శృతి? నాకు అది చెప్పండి.

ఉదయసముద్రం (నల్గొండ)

భజనలకి స ప స ప నే అక్కా. నాలుగు రోజులు బూతులు తిట్టుకున్నా, ఐదో రోజు వేళ్ళు దారిలో పడ్డాయి. ఇంట్లో ఒంటరిగా కూర్చుంటే సి, జి, డి, ఎ కి కలిపి ఏడో మెట్టు మీద కేపో.

పాలమూరు తీగ (మహబూబ్‌నగర్)

నట్ గాళ్ళ కొలతలు పెట్టండి సార్, నా దగ్గర కూడా ఒక ఎఫ్-హోల్ ఉంది. మీ పోస్టు చదివి నిన్న దాని తోక స్క్రూలు చూశా, రెండు చేత్తోనే ఊడొచ్చాయి.

ఉదయసముద్రం (నల్గొండ)

43 మిల్లీమీటర్ల నట్ మీద, లావు తీగ అంచు నుంచి ఒక్కో తీగ నడుమకి: సి 5, జి 16, డి జంట 25, 28, ఎ జంట 36, 39. జంటలో రెండు తీగల మధ్య 3 మిల్లీమీటర్లు సరిపోయింది. ఎనిమిది కడితే సి జంటకి 3.5 అయినా కావాలని రంపం అన్న అంటున్నారు, లేకపోతే ఒకదానికొకటి కొట్టుకుంటాయట.

మిర్యాలగూడ రంపం

మామ చూశాడా?

ఉదయసముద్రం (నల్గొండ)

దసరాకి వచ్చాడు. గిటార్ చేతికి తీసుకుని, పాత పాట ఒకటి పట్టబోయి, వేళ్ళు ఎక్కడ పెట్టినా తప్పు స్వరం వచ్చేసరికి నా మొహం చూశాడు. ఏం చేసినవ్‌రా దీన్ని అన్నాడు. పాత నట్, పాత బ్రిడ్జి బిస్కెట్ డబ్బాలో ఉన్నాయి. ముప్పావు గంటలో గిటార్ తీగలు ఎక్కించి ఇచ్చా. రెండు పాటలు వాయించాడు, మూడో దానికి వేళ్ళు నొప్పి అని పెట్టేశాడు. పొద్దున లేచి, నీ తీగలే కట్టుకో, నాకు అది వినాలని ఉంది అన్నాడు.

కొత్త సభ్యుడు: జడ్చర్ల జంక్షన్

థ్రెడ్ మొత్తం చదివాను. నా దగ్గర గుండ్రటి రంధ్రం ఉన్న మామూలు గిటార్ ఉంది. దానికి ఇలాగే చేయొచ్చా?

మిర్యాలగూడ రంపం

బ్రిడ్జి అతికించిందేనా? బ్రిడ్జి వెనక పలక ఉబ్బిందా? ముందు పక్క నుంచి ఫోటో పెట్టు తమ్మీ, తర్వాత మాట్లాడదాం.